మయన్మార్‌లో కాల్చి చంపిన పిల్లల కోసం స్మరణ సభ: మొదటి నుంచి చివరిదాకా ఎలా జరపాలి

2021 ఫిబ్రవరి 1న మయన్మార్‌లో సైన్యం అధికారం లాక్కుంది. ఆ తర్వాత ఖాళీ చేతులతో వీధిలోకి వచ్చిన యువతీయువకుల్ని కాల్చి చంపింది. వాళ్ల కోసం పాతిక మంది నుంచి వంద మంది దాకా కూర్చునే సభ ఎలా పెట్టాలని చాలామంది అడుగుతున్నారు. తాతముత్తాతలు ‘రంగం’, అంటే రంగూన్, వెళ్లొచ్చిన ఇళ్లవాళ్లూ వాళ్లలో ఉన్నారు, మయన్మార్ స్నేహితులతో కలిసి చదువుకుంటున్న పిల్లలూ ఉన్నారు.

ఈ సభలో అన్నిటికంటే ముందు చూసుకోవాల్సింది పేరు. చనిపోయినవాళ్ల పేరు తప్పు పోకూడదు. బతికున్నవాళ్ల పేరు బయటికి పోకూడదు. కింద చెప్పిన పనులన్నీ ఈ రెండిటి కోసమే.

సిద్ధం కావడానికి కనీసం నాలుగు వారాలు పెట్టుకోండి. వారం రోజుల్లో చేస్తే పేర్లు సరిచూసే పని దెబ్బతింటుంది.

1. ఎవరి కోసమో ముందు తేల్చుకోండి

ఆ ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్ నెలల్లో చనిపోయినవాళ్లలో ఎక్కువమంది శాంతియుతంగా ఊరేగింపుల్లో నడిచినవాళ్లు, వీధి చివర నిలబడినవాళ్లు. ఆ ఏడాది మే తర్వాత చాలామంది యువకులు ఆయుధాలు పట్టారు. ఆ మరణాలు కూడా బాధాకరమైనవే, కానీ రెండూ ఒకే జాబితాలో కలిపితే సభ మధ్యలో వాదన మొదలవుతుంది.

అందుకని ఆహ్వానంలోనే ఒక వాక్యం రాయండి: “2021 ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా శాంతియుత నిరసనల్లో, వాటిపై జరిగిన దాడుల్లో ప్రాణాలు కోల్పోయిన 25 ఏళ్లలోపు వారి కోసం.” వయసు హద్దు మీ ఇష్టం. అయితే హద్దు ఏదో ఒకటి ఉండాలి, దాన్ని సభలో చదివి వినిపించాలి.

ఊరేగింపులో లేకుండానే చనిపోయిన పిల్లల్ని వదలకండి. మార్చి 23న మాండలేలో సొంత ఇంట్లో ఉన్న ఏడేళ్ల పాపను కాల్చేశారు. పైన రాసిన వాక్యంలో “వాటిపై జరిగిన దాడుల్లో” అన్న మాట ఇలాంటివాళ్ల కోసమే.

2. తేదీ, గడియారం

పనికొచ్చే తేదీలు ఇవి:

- ఫిబ్రవరి 1: సైనిక కుట్ర జరిగిన రోజు. మయన్మార్‌లో ఏటా జనం ఇళ్లు కదలకుండా వీధులు ఖాళీగా ఉంచి నిరసన తెలిపే రోజు కూడా ఇదే.
- ఫిబ్రవరి 19: రాజధాని నేపీడోలో తలకు తూటా తగిలిన మ్యా త్వె త్వె ఖైన్ కన్నుమూసిన రోజు. నిరసనల్లో తొలి మరణంగా అందరూ గుర్తుపెట్టుకున్నది ఆమెదే.
- మార్చి 3: మాండలేలో 19 ఏళ్ల చె సిన్‌ను కాల్చిన రోజు. ఆ ఒక్కరోజే కనీసం 38 మంది చనిపోయారని ఐక్యరాజ్య సమితి చెప్పింది.
- మార్చి 27: సైనిక దినోత్సవం. ఆ రోజు వందమందికి పైగా చంపేశారు.
- ఏప్రిల్ 2: నిరసనకారులు నేలకొరిగిన చోట్ల, బస్‌స్టాపుల్లో జనం పువ్వులు పెట్టి వచ్చిన రోజు. పువ్వులతో సభ జరపాలనుకుంటే ఇది సరైన తేదీ.

మయన్మార్ గడియారం మనకంటే గంట ముందు నడుస్తుంది. అక్కడ కుట్ర జరిగిన మర్నాటి నుంచి రోజూ రాత్రి 8 గంటలకు జనం గిన్నెలు, పళ్లేలు మోగించారు. కాబట్టి మౌనం పాటించే సమయాన్ని మన సాయంత్రం 7కు పెట్టండి, అక్కడ సరిగ్గా 8 అవుతుంది. డాలస్‌లో ఉన్నవాళ్లకు ఫిబ్రవరిలో అది ఉదయం 7:30.

3. హాలు వెతికే ముందు మయన్మార్ వాళ్లను కలవండి

చాలామంది ఈ పని చివర్లో చేస్తారు. హాలు తీసుకుని, ఫ్లెక్సీ కట్టి, తర్వాత “మీ వాళ్లను కూడా పిలవండి” అంటారు. అప్పటికి పేర్లూ ఫొటోలూ తప్పుగా అచ్చయి ఉంటాయి.

మొదటి వారంలోనే ఇద్దరు ముగ్గురితో విడిగా కూర్చోండి. అడగాల్సినవి:

- పేర్లు ఎవరు చదివితే బాగుంటుంది?
- వాళ్లలో ఎవరైనా వేదిక ఎక్కుతారా, వెనక కూర్చుంటారా?
- ప్రార్థన ఉండాలా? ఉంటే ఏ పద్ధతిలో?
- ఏ ఫొటోలు వాడొచ్చు, ఏవి వద్దు?

ఎవరైనా “నేను రాలేను” అంటే కారణం అడగొద్దు. మయన్మార్‌లో ఇంట్లోవాళ్లు ఉన్నవారికి ఇక్కడి ఒక్క ఫొటో ముప్పు తెస్తుంది. అక్కడి శిక్షాస్మృతిలో 2021 ఫిబ్రవరిలో చేర్చిన 505(ఎ) సెక్షన్ కింద మాట్లాడినందుకే మూడేళ్ల దాకా జైలు వేయొచ్చు. 2024 ఫిబ్రవరిలో నిర్బంధ సైనిక సేవ చట్టం అమల్లోకి తెచ్చాక విదేశాల్లో ఉన్న యువతకు భయం ఇంకా పెరిగింది.

హైదరాబాద్ బాలాపూర్ చుట్టుపక్కల, మయన్మార్ నుంచి తరలివచ్చిన రోహింగ్యా కుటుంబాలు ఉన్నాయి. వాళ్లను పిలవాలనుకోవడం మంచి ఆలోచనే. అయితే కెమెరా ఉన్న చోట వేదిక ఎక్కించకండి. వాళ్లకు ఇక్కడా ఇబ్బందులే.

4. పేర్ల జాబితా

సభకు వెన్నెముక ఇదే. రెండు వారాలు దీనికే పెట్టండి.

రాజకీయ ఖైదీల సహాయ సంఘం, ఏఏపీపీ, ఒక్కో మరణాన్నీ విచారించి జాబితా నడుపుతోంది. మాజీ రాజకీయ ఖైదీలు 2000లో పెట్టుకున్న సంస్థ అది. మూలంగా దాన్నే తీసుకుని, ప్రతి పేరునూ ఆనాటి వార్తతో మరోసారి పోల్చండి. వాట్సాప్‌లో తిరిగే పోస్టర్ల నుంచి పేర్లు ఎత్తి రాయొద్దు.

జాబితాలో ఉండాల్సిన గడులు: బర్మీస్ లిపిలో పేరు, తెలుగులో ఉచ్చారణ, వయసు, ఊరు, తూటా తగిలిన తేదీ, చనిపోయిన తేదీ. చివరి రెండూ వేర్వేరుగా ఎందుకంటే, మ్యా త్వె త్వె ఖైన్‌కు ఫిబ్రవరి 9న తూటా తగిలింది, ఆస్పత్రిలో ఉండగానే 20 ఏళ్లు నిండాయి, 19న చనిపోయింది. ఒకే గడి పెడితే ఒకచోట 19 ఏళ్లని, మరోచోట 20 అని పడి, ఏది నిజమో తెలియకుండా పోతుంది.

*పేరును ముక్కలు చేయకండి.* బర్మీస్ పేర్లలో ఇంటిపేరు ఉండదు. చివరి మాట ఇంటిపేరు అనుకుని “ఖైన్ గారు” అంటే అది ఆమె పేరే కాదు. జాబితాను ఇంటిపేరు వరసలోనూ పెట్టలేం, మరణించిన తేదీ వరసలో పెట్టండి.

*ముందు వచ్చే పిలుపు పేరులో భాగం కాదు.* అమ్మాయిల పేరు ముందు ‘మ’, అబ్బాయిల ముందు ‘కో’ అంటారు, మనం అక్క, అన్న అన్నట్టు. ఇంకా చిన్న పిల్లవాడైతే ‘మౌన్’. పెద్దవాళ్లకు ‘ఊ’, ‘డో’. చదివేటప్పుడు ఈ పిలుపులు వాడాలో లేదో మయన్మార్ స్నేహితుల్నే తేల్చమనండి. ఒకరికి వాడి ఇంకొకరికి మానేయడం మాత్రం తప్పు.

*ఇంగ్లిషు స్పెల్లింగు చూసి చదవకండి.* కె, వై కలిసి వస్తే ‘చ’ అని పలకాలి, జి, వై కలిస్తే ‘జ’. అందుకే ‘క్యాల్ సిన్’ అని రాసి ఉన్న పేరు నిజానికి ‘చె సిన్’కు దగ్గర. హెచ్ ముందు, టి తర్వాత ఉంటే అది మన ‘థ’. టి ముందు ఉంటే ఇంగ్లిషు ‘థింక్’లోని ధ్వని, దానికి మనకు అక్షరం లేదు. ఎ-యు-ఎన్-జి అంటే ‘ఔన్’, ‘ఆంగ్’ కాదు.

బర్మీస్ మాట్లాడే మనిషితో మొత్తం జాబితా ఒకసారి ఫోన్‌లో చదివించి రికార్డు చేసుకోండి. చదవబోయేవాళ్లు దాన్ని కనీసం ఐదు రోజులు వినాలి.

*ఎన్ని పేర్లు?* ఒక్కో పేరుకు వయసు, ఊరు, తేదీతో కలిపి 12 సెకన్లు పడుతుంది. 60 పేర్లంటే 12 నిమిషాలు. అంతకు మించితే జనం వినడం మానేస్తారు. జాబితా పెద్దదైతే మొత్తం గోడమీద అతికించి, చదివేవి 60 దగ్గర ఆపండి. ఏ ప్రాతిపదికన ఆ 60 ఎంచుకున్నారో చెప్పండి, ఉదాహరణకు 18 ఏళ్లలోపు వారందరూ, లేదా ఆ తేదీన చనిపోయినవారందరూ. పేరున్నవాళ్లనే ఏరుకోవడం అన్యాయం.

మొత్తం మరణాల సంఖ్య చెప్పాల్సి వస్తే “ఏఏపీపీ లెక్క ప్రకారం, ఫలానా తేదీ నాటికి” అని జోడించండి. ఆ లెక్కలో నిరసనల్లో చనిపోయినవాళ్లే కాదు, తర్వాతి మరణాలూ ఉంటాయి.

5. డీటీపీ షాపులో జరిగే పొరపాటు

మన దగ్గర అను ఫాంట్లలో కొట్టిన మేటర్ యూనికోడ్‌లో తెరిస్తే ఎలా చిందరవందర అవుతుందో, బర్మీస్‌కూ సరిగ్గా అదే జబ్బు ఉంది. పాత ఫాంటు పేరు జోజీ, ఇంగ్లిషులో ‘జాగ్యి’ అని రాసి ఉంటుంది. 2019 నుంచి దేశమంతా యూనికోడ్‌కు మారుతూ వచ్చినా, పాత పోస్టుల్లో ఇంకా జోజీ రాతే దొరుకుతుంది. బర్మీస్ తెలియని కంటికి రెండూ ఒకలాగే గుండ్రంగా కనిపిస్తాయి. చదవగలిగినవాళ్లకు మాత్రం చచ్చిపోయిన బిడ్డ పేరు పిచ్చిరాతలా కనిపిస్తుంది.

ఇలా చేయండి:

- పేర్లను నోటో శాన్స్ మయన్మార్ లేదా పిడౌన్సు యూనికోడ్ ఫాంటులో పెట్టండి.
- అక్షరాల మధ్య చుక్కలతో చేసిన సున్నా ఎక్కడైనా కనిపిస్తే ఆ పేరు విరిగిపోయినట్టే.
- వర్డ్‌లోనో గూగుల్ డాక్స్‌లోనో తయారుచేసి పీడీఎఫ్ చేయండి. షాపులో మళ్లీ టైపు చేయనివ్వకండి, పేజ్‌మేకర్‌లోకి కాపీ చేయనివ్వకండి.
- ఒక్క కాపీ తీయించి, ఫొటో తీసి, బర్మీస్ తెలిసినవాళ్లకు పంపి, వాళ్లు సరే అన్నాకే మిగతావి వేయించండి.

ఫ్లెక్సీ వద్దు. సన్‌బోర్డు మీద కాగితం అతికించండి, మెరుపు లేని లామినేషన్ వేయించండి, లేకపోతే దీపాల వెలుగుకు ఫొటో కనబడదు. 20 అడుగుల దూరం నుంచి చదవాలంటే అక్షరం ఎత్తు 2 అంగుళాలు ఉండాలి. బోర్డు మీద దాతల పేర్లూ, నిర్వాహకుల ఫొటోలూ ఉండకూడదు.

6. ఫొటోలు

బతికున్నప్పటి ఫొటోలే వాడండి. రక్తం, శవం, శవపేటిక ఉన్నవి ఒక్కటి కూడా వద్దు. చె సిన్‌ను పూడ్చిన తర్వాత అధికారులే సమాధి తవ్వించి, తిరిగి సిమెంటుతో మూసేశారు. చనిపోయాక కూడా ఆ పిల్ల దేహానికి ప్రశాంతత ఇవ్వలేదు. మన వంతుగా మనమూ ఆ దేహాన్ని ప్రదర్శనకు పెట్టకూడదు.

అందరికీ ఒకే సైజు, 8×12 అంగుళాలు చాలు. ఫొటో దొరకని వాళ్లకు అదే సైజు తెల్ల బోర్డు మీద పేరు మాత్రం రాయండి. ప్రసిద్ధులకు పెద్దది, మిగతావాళ్లకు చిన్నది పెడితే ఆ తేడా ముందుగా గమనించేది బంధువులే.

ఫొటోకు కుంకుమ బొట్టు పెట్టకండి, కొబ్బరికాయ కొట్టకండి. మనకది గౌరవం, వాళ్లకు అలవాటు లేదు, పైగా చనిపోయినవాళ్లలో బౌద్ధులతో పాటు క్రైస్తవులూ ముస్లింలూ ఉన్నారు. దండ బదులు బోర్డు ముందు విడి పూలు పెట్టండి: తెల్ల చామంతి, లిల్లీ, మల్లె. బర్మీయులు పూజలో ‘తబ్యే’ రెమ్మలు పెడతారు. అది మన నేరేడుకు దగ్గరి చుట్టం, కాబట్టి లేత నేరేడు రెమ్మలు తెస్తే వాళ్లు వెంటనే గుర్తుపడతారు.

7. హాలు, అనుమతి

మొదటిసారి చేసేవాళ్లు హాల్లోనే చేయండి. హైదరాబాద్‌లో సుందరయ్య విజ్ఞాన కేంద్రం, విశాఖలో పౌర గ్రంథాలయం వంటి చోట్ల చిన్న హాళ్లు దొరుకుతాయి. వీధిలో కొవ్వొత్తుల ర్యాలీకి పోలీసు అనుమతి తప్పనిసరి, అది చివరి నిమిషంలో రద్దయ్యే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది.

హాల్లో అయినా పది రోజుల ముందు స్థానిక పోలీసు స్టేషన్‌కు రాతపూర్వకంగా తెలియజేసి, కాపీ మీద ముద్ర వేయించుకోండి. దరఖాస్తు మీద భారత పౌరుల సంతకాలే ఉండాలి. స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్ల పేరు నిర్వాహకుల్లో వేస్తే ఇబ్బంది పడేది వాళ్లు.

నిప్పు వెలిగించనిస్తారా అని హాలువాళ్లను అడిగి కాగితం మీద రాయించుకోండి. ఒప్పుకోకపోతే బ్యాటరీ దీపాలు తెచ్చుకోవచ్చు, అందులో లోటేమీ లేదు.

8. సామాన్లు (60 పేర్ల సభకు)

- చిన్న మట్టి ప్రమిదలు 66 (ఆరు అదనం). ముందు రోజు రాత్రంతా నీళ్లలో నానబెట్టి ఆరబెట్టాలి, లేకపోతే నూనె పీల్చేస్తాయి.
- నూనె 1 లీటరు. ప్రమిదకు 15 మి.లీ. పోస్తే సభ అయ్యేదాకా వెలుగుతుంది.
- వత్తులు 140, ప్రమిదకు రెండు కలిపి నలపాలి. కొసలను ముందే నూనెలో తడిపి, చిటికెడు కర్పూరం పొడి అద్దితే వెంటనే అంటుకుంటాయి.
- ఇసుక పరిచిన రేకు ట్రేలు 4
- పొడుగాటి గ్యాస్ లైటర్లు 2, అదనంగా 1
- నీళ్ల బకెట్, ఇసుక బకెట్
- చేతి గంట
- సెకన్ల ముల్లు ఉన్న గడియారం
- మైకు, దానికి అదనపు బ్యాటరీలు
- పేర్ల జాబితా కాపీలు 4, పెద్ద అక్షరాల్లో

9. సభ క్రమం

5:30. ప్రమిదలు, బోర్డులు సర్దడం. దీపాల దగ్గర ఫ్యాన్లు ఆపేయండి.

6:15. జనం రావడం. హాజరు రిజిస్టరు పెట్టకండి. తలుపు దగ్గర ఒకరు నిలబడి ఫోన్లు జేబులో పెట్టమని చెప్పాలి. దీపాల చుట్టూ చెప్పులు విడిచే గీత గీయండి.

6:30. మూడు నిమిషాల పరిచయం. ఎవరి కోసం, ఏ హద్దులో అన్నది చదవాలి. చప్పట్లు కొట్టవద్దని ఇక్కడే చెప్పాలి.

6:33. ఇద్దరి గురించి వివరంగా, చెరో ఐదు నిమిషాలు. ఏం చదివారు, ఏ పని చేసేవారు, ఆ రోజు ఎక్కడ ఉన్నారు, ఏమైంది. విశేషణాలు వద్దు. 19 ఏళ్ల చె సిన్ “అంతా బాగవుతుంది” అన్న అర్థం ఉన్న టీషర్టు వేసుకుని వెళ్లిందని, వెళ్లే ముందు తన రక్తం గ్రూపు, అవయవదానం కోరిక రాసిపెట్టిందని చెబితే చాలు, వినేవాళ్ల గుండె బరువెక్కుతుంది.

6:45. పేర్లు. ఇద్దరు చదువరులు, ఒకరి తర్వాత ఒకరు. ఒక్కో పేరుకు ఒక్కో దీపం. వెలిగించేవాళ్లు రెండు వైపుల నుంచి మొదలుపెట్టాలి. దీపం ఆలస్యమైతే చదవడం ఆపి ఆగాలి, పేరు మీద పేరు పడకూడదు.

6:57. మూడు నిమిషాలు ఖాళీ. ఆలస్యాలు ఇందులో సర్దుకుంటాయి. అందరూ లేచి నిలబడతారు.

7:00. రెండు నిమిషాల మౌనం. గంట ఒకసారి మోగించి మొదలు, ఒకసారి మోగించి ముగింపు. మధ్యలో మాట, సంగీతం ఏమీ ఉండకూడదు.

7:02. మయన్మార్ మిత్రులు కోరుకుంటే ప్రార్థన. బౌద్ధులైతే పుణ్యం పంచుతూ చిన్న గిన్నెలోకి నీళ్లు ధారగా పోస్తారు, చివర మూడుసార్లు ‘సాధు’ అంటారు. వాళ్ల నోట అది ‘థాదు’ అని వినిపిస్తుంది. మనమూ గొంతు కలపొచ్చు.

7:12. అక్కడి నిరసనకారుల గుర్తయిన మూడు వేళ్లు ఎత్తే వందనం, ఇష్టమైనవాళ్లు మాత్రమే. దీన్ని మౌనానికి ముందు పెట్టొద్దు, నినాదాలు మొదలై మౌనం కుదరదు.

7:15. ఒక్కొక్కరు వచ్చి పువ్వు పెట్టి వెళ్లడం. వందన సమర్పణ వద్దు.

భిక్షువును పిలిస్తే ఒకటి గుర్తుంచుకోండి. మధ్యాహ్నం 12 దాటాక వాళ్లు భోజనం చేయరు. భిక్ష ఇవ్వాలనుకుంటే అదే రోజు ఉదయం 11 లోపు విడిగా ఏర్పాటు చేయాలి. సాయంత్రం సభలో భోజనం పెట్టబోతే ఆయన ఇబ్బంది పడతారు.

10. మాట్లాడేవాళ్లకు ముందే ఇవ్వాల్సిన కాగితం

“చనిపోయారు” కాదు, “కాల్చి చంపారు” అనండి. అది జరిగిన పని, దానికి చేసినవాళ్లు ఉన్నారు.

“బలిదానం”, “ప్రాణత్యాగం” అనే మాటలు మన సభల్లో అలవాటుగా వచ్చేస్తాయి. ఈ పిల్లలు చావడానికి వెళ్లలేదు. సాయంత్రం ఇంటికి రావాలనే వెళ్లారు. ఏడేళ్ల పాపది వీరమరణం అంటే ఆ తల్లికి ఏమనిపిస్తుందో ఒక్కసారి ఆలోచించండి. “అమరులు” అనొచ్చా అంటే, పెద్దల విషయంలో అనొచ్చు, పిల్లలకు మాత్రం పేరే చాలు.

ఇక్కడి పార్టీలను పొగడడం, తిట్టడం రెండూ వద్దు. మయన్మార్ పార్టీల జెండాలు కూడా వేదిక మీద వద్దు. ‘బర్మా’ అనాలా ‘మయన్మార్’ అనాలా అన్న చర్చతో సమయం పోనివ్వకండి, రెండూ వాడుకలో ఉన్నాయి.

ఒక్కొక్కరికి ఐదు నిమిషాలు. ముఖ్య అతిథి, అధ్యక్షుడు, శాలువాలు ఏవీ ఉండకూడదు.

11. కెమెరా, వాట్సాప్

- ఒకే ఒక్క ఫొటోగ్రాఫర్, హాలు వెనకే నిలబడాలి. దీపాలు, చేతులు, బోర్డులు తీయొచ్చు. ముఖాలు వద్దు.
- ఫేస్‌బుక్ లైవ్ వద్దే వద్దు. లైవ్‌లో పడిన ముఖాన్ని తర్వాత తీసేయలేం.
- మయన్మార్ వాళ్లను వాట్సాప్ గ్రూపులో చేర్చకండి, అందరికీ నంబర్లు కనిపిస్తాయి. బ్రాడ్‌కాస్ట్ లిస్ట్ వాడండి.
- పత్రికకు పంపే వార్తలో నిర్వాహకుల్లోని భారతీయుల పేర్లు మాత్రమే ఇవ్వండి.
- సభలో చందా హుండీ తిప్పకండి. డబ్బు ఎవరికి, ఎలా చేరిందన్న ప్రశ్న వస్తే స్మరణ పక్కకు పోతుంది.

12. సభలో ఇలా జరిగితే

*చదివేవాళ్లు ఏడ్చి ఆగిపోతే:* తొందరపెట్టొద్దు. పది సెకన్లు చూసి రెండో చదువరి అదే పేరును మొదటి నుంచి చదవాలి. అందుకే ఇద్దరి దగ్గరా పూర్తి జాబితా ఉండాలి.

*పేరు తప్పు చదివితే:* అక్కడే ఆగి, సరిచేసి, మళ్లీ చదవండి. క్షమాపణల ఉపన్యాసం అక్కర్లేదు.

*ఎవరైనా నినాదం అందుకుంటే:* మైకులో తర్వాతి పేరు చదవండి. చాలాసార్లు దాంతోనే ఆగుతుంది.

*మన జాబితాలో లేని పేరు ఎవరైనా చెబితే:* కాగితం మీద రాయించుకోండి. సరిచూడకుండా వేదిక మీద చదవకండి. పేరు చదవకుండా ఆ మనిషి కోసం ఒక దీపం వెలిగించొచ్చు, అదనంగా తెచ్చిన ఆరు ప్రమిదలు ఇందుకూ పనికొస్తాయి.

*కరెంటు పోతే:* ఆగకండి. దీపాలు ఉన్నాయి, గొంతు ఉంది. చదువరుల దగ్గర చిన్న టార్చి పెట్టండి.

13. మర్నాడు

దీపాలు ఊది ఆర్పకండి, వాటంతట అవి కొండెక్కేదాకా ఇద్దరు కూర్చోండి. పువ్వుల్ని చెత్తబుట్టలో వేయకుండా చెట్టు మొదట్లో వేయండి.

ఫొటో బోర్డులు మయన్మార్ మిత్రులు అడిగితే ఇచ్చేయండి. లేకపోతే గుడ్డలో చుట్టి, పైన జాబితా ఏ తేదీనాటిదో రాసి దాచండి. వచ్చే ఏడాది వాటినే తీసి పెట్టేయకండి. సభలో రాయించుకున్న పేర్లను విచారించి, కొత్తగా నిర్ధారణ అయినవి కలిపి, తేలిన పొరపాట్లు దిద్ది, ఆ తర్వాతే మళ్లీ అచ్చుకు పంపండి.